విశాఖ ఎంపీ ఎన్నిక, లోక్‌సభ ఫలితాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ని. పోలింగ్ డ్యూటీకీ కౌంటింగ్ డ్యూటీకీ వెళ్లొచ్చిన ప్రతిసారీ మా మధురవాడ అపార్ట్‌మెంట్‌లోను, స్టాఫ్ రూములోను, ఊళ్లో చుట్టాలింట్లోను జనం అవే ప్రశ్నలు అడుగుతారు. పార్టీల సంగతి పక్కన పెట్టి, ఓటు ఎలా లెక్కలోకి వస్తుందో నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

2024లో విశాఖ ఎంపీగా ఎవరు గెలిచారు? మెజారిటీ ఎంత?

తెలుగుదేశం అభ్యర్థి మతుకుమిల్లి శ్రీభరత్ గెలిచారు. ఆయనకు 9,07,467 ఓట్లు, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి బొత్స ఝాన్సీ లక్ష్మికి 4,03,220 ఓట్లు వచ్చాయి. మెజారిటీ 5,04,247. శ్రీభరత్ తాతగారు ఎం.వి.వి.ఎస్. మూర్తి కూడా 1991లోను, 1999లోను ఇదే విశాఖ నుంచి ఎంపీ అయ్యారు. పోలింగ్ 2024 మే 13న, కౌంటింగ్ జూన్ 4న జరిగాయి.

2019లో 4,414 ఓట్ల తేడా, 2024లో 5 లక్షలు. ఐదేళ్లలో ఇంత మార్పు ఎలా వచ్చింది?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. కాగితం, పెన్ను తీసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి ఎం.వి.వి. సత్యనారాయణకు 4,36,906 ఓట్లు వచ్చాయి. రెండో స్థానంలో ఉన్న శ్రీభరత్‌కు 4,32,492. జనసేన తరఫున నిలబడిన వి.వి. లక్ష్మీనారాయణకు, అంటే మనం జేడీ లక్ష్మీనారాయణ అని పిలుచుకునే ఆయనకు, 2,88,874. బీజేపీ నుంచి పురందేశ్వరికి 33,892. తెలుగుదేశం, జనసేన, బీజేపీ ఆ ఏడాది ఎవరికి వారు పోటీ చేశాయి. 2024లో మూడూ కలిశాయి.

2019లో ఆ మూడు పార్టీలకు వచ్చిన ఓట్లు కూడితే 7,55,258. వైఎస్సార్ కాంగ్రెస్ కంటే 3,18,352 ఎక్కువ. అంటే ఒక్క ఓటరు కూడా మనసు మార్చుకోకపోయినా, పొత్తు ఓటు పూర్తిగా బదిలీ అయితే చాలు, మెజారిటీ 3 లక్షలు దాటేది. మిగిలిన 1,85,895 మాత్రం పొత్తు లెక్కలో దొరకదు. కూటమికి కొత్తగా 1,52,209 ఓట్లు పెరిగాయి, అవతలి పక్షానికి 33,686 తగ్గాయి. ఈ రెండూ కలిపితే సరిగ్గా ఆ మిగిలిన అంకె వస్తుంది.

అందుకే "అంతా పొత్తు వల్లే" అన్నా, "అంతా గాలి వల్లే" అన్నా నేను ఒప్పుకోను. మెజారిటీలో ఐదింట మూడు వంతులకు పైగా పొత్తు లెక్క, మిగతాది జనం కొత్తగా చెప్పిన మాట. వైఎస్సార్ కాంగ్రెస్ ఓటు మరీ కూలిపోలేదన్న సంగతి కూడా గమనించండి. తగ్గింది 34 వేల లోపే.

పెందుర్తిలో ఉంటాం. మా ఎంపీ శ్రీభరత్ కాదా?

కాదు. పెందుర్తి అసెంబ్లీ సెగ్మెంటు అనకాపల్లి లోక్‌సభ కిందికి వస్తుంది. మీ ఎంపీ బీజేపీకి చెందిన సి.ఎం. రమేష్. కార్పొరేషన్ హద్దు వేరు, పార్లమెంటు హద్దు వేరు కాబట్టి ఈ తికమక సహజమే.

విశాఖ లోక్‌సభలో ఉన్నవి ఏడు: భీమిలి, విశాఖ తూర్పు, దక్షిణం, ఉత్తరం, పశ్చిమం, గాజువాక, ఇంకా విజయనగరం జిల్లాలోని శృంగవరపుకోట. ఎస్.కోట వాళ్లకు కలెక్టరాఫీసు ఒక ఊళ్లో, ఎంపీ ఇంకో ఊళ్లో. పాత ఉమ్మడి విశాఖ జిల్లాను తీసుకుంటే 2024లో మూడు రకాల తీర్పు వచ్చింది. విశాఖ తెలుగుదేశానికి, అనకాపల్లి బీజేపీకి, అరకు వైఎస్సార్ కాంగ్రెస్‌కు వెళ్లాయి.

ఒకేరోజు ఎమ్మెల్యేకీ ఎంపీకీ ఓటేశాం. ఆ రెండూ కలిసిపోవా?

కలవవు. బూత్‌లో రెంటికీ వేరువేరు మెషీన్లు ఉంటాయి. బ్యాలెట్ కాగితం రంగు కూడా వేరు: లోక్‌సభకు తెలుపు, అసెంబ్లీకి గులాబీ. పోలింగ్ అయ్యాక విడివిడిగా సీలు వేసి, విడివిడిగా స్ట్రాంగ్ రూములో పెడతారు.

2024లో విశాఖ లోక్‌సభకు 33 మంది నిలబడ్డారు. రాష్ట్రంలో అదే ఎక్కువ. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 బటన్లే ఉంటాయి కాబట్టి, నోటాతో కలిపి 34 పేర్లకు మూడు యూనిట్లు పక్కపక్కన పెట్టాల్సి వచ్చింది. పెద్దవాళ్లు లోపలికెళ్లి ఎందుకంత సేపు నిలబడ్డారో అర్థమైంది కదా. వాళ్లు వెతుకుతున్నారు.

కౌంటింగ్ హాలులో నిజంగా ఏం జరుగుతుంది?

టీవీలో కనిపించేది ఫలితం ఒక్కటే. పని జరిగే తీరు చూస్తే చాలా అనుమానాలు వాటంతటవే పోతాయి. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఏ టేబుల్ దగ్గర కూర్చోవాలో సిబ్బందికి ముందు తెలియదు. ఆ రోజు తెల్లవారుజామునే తెలుస్తుంది. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. అభ్యర్థుల సమక్షంలో స్ట్రాంగ్ రూము తలుపు తెరుస్తారు, అదంతా వీడియో తీస్తారు. ఉదయం 8 గంటలకు ముందుగా పోస్టల్ బ్యాలెట్లు మొదలవుతాయి. అరగంట తరవాత ఈవీఎంలు.

హాలులో మామూలుగా 14 టేబుళ్లు. ఒక్కో టేబుల్‌కు ఒక్కో బూత్ కంట్రోల్ యూనిట్ వస్తుంది. పద్నాలుగూ అయితే ఒక రౌండ్. ఒక సెగ్మెంటులో 280 బూత్‌లు ఉన్నాయనుకుంటే 20 రౌండ్లు. బ్యాలెట్ యూనిట్లు హాలులోకి రావు. ఓట్లు ఉండేది కంట్రోల్ యూనిట్‌లో.

టేబుల్‌కు ఇవతల మేం, అవతల ఇనుప జాలీ, జాలీ వెనక ఏజెంట్లు. మెషీన్ మీది నంబరు, సీళ్లు వాళ్లకు చూపిస్తాం. వాళ్ల చేతిలో ఫారం 17సి కాపీ ఉంటుంది. పోలింగ్ రోజు సాయంత్రం ఆ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో ప్రిసైడింగ్ ఆఫీసర్ రాసి, సంతకం పెట్టి ఇచ్చిన కాగితం అది. మెషీన్ ఆన్ చేయగానే వచ్చే మొత్తం, ఆ కాగితంలోని మొత్తం ఒకటే కావాలి. తేడా వస్తే ఆ మెషీన్‌ను పక్కన పెట్టి రిటర్నింగ్ ఆఫీసర్‌కు చెప్పాలి.

ఆ తరవాత ఆకుపచ్చ కాగితపు సీలును చించి, దాని కింద ఉన్న రిజల్ట్ బటన్ నొక్కాలి. అభ్యర్థి 1, ఇన్ని ఓట్లు. అభ్యర్థి 2, ఇన్ని ఓట్లు. చిన్న తెర మీద ఒక్కొక్కటిగా వస్తాయి. సూపర్‌వైజర్ పైకి చదువుతారు, పక్కవాళ్లు రాస్తారు, జాలీ వెనక ఏజెంట్లూ రాసుకుంటారు. 34 వరసలు అయ్యేదాకా ఎవరూ తల ఎత్తరు.

ఒకసారి మా టేబుల్ దగ్గర ఒక స్వతంత్ర అభ్యర్థి ఏజెంటు నిలబడ్డాడు. ఇరవై రెండు మూడేళ్ల కుర్రాడు. రూళ్ల నోట్‌బుక్‌లో స్కేలుతో గీతలు గీసుకుని వచ్చాడు. వాళ్ల అభ్యర్థికి ఆ బూత్‌లో మూడు ఓట్లు. తెర మీద అంకె జారిపోయింది, చూడలేకపోయాడు. "మేడమ్, ఇంకోసారి చూపిస్తారా" అన్నాడు. మా సూపర్‌వైజర్ మళ్లీ బటన్ నొక్కారు. మొదటి నుంచీ అన్నీ వచ్చాయి, అందరం ఆగాం. మూడు అని రాసుకుని, దాని కింద గీత గీసి "థాంక్స్ మేడమ్" అన్నాడు. ఆ మూడు ఓట్ల కోసం హాలులో ఒక టేబుల్ మొత్తం ఆగింది. నాకు ఈ డ్యూటీ మీద గౌరవం పెరిగింది ఆ రోజే.

వీవీప్యాట్ స్లిప్పులన్నీ లెక్కపెట్టొచ్చు కదా?

ఓటు ఎవరికి పడిందో చూపించే చీటీని అచ్చువేసే పెట్టె వీవీప్యాట్. చాలామంది ఇది మనస్ఫూర్తిగా అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. ఇప్పుడున్న పద్ధతిలో ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో ఐదు బూత్‌లను లాటరీ తీసి ఎంచుకుని, ఆ స్లిప్పులను చేత్తో లెక్కపెట్టి మెషీన్ అంకెతో సరిచూస్తారు. విశాఖ లోక్‌సభకు ఏడు సెగ్మెంట్లు కాబట్టి 35 బూత్‌లు. మెషీన్‌కూ స్లిప్పులకూ తేడా వస్తే స్లిప్పుల లెక్కే చెల్లుతుంది.

అంతకుముందు సెగ్మెంటుకు ఒక్క బూత్ మాత్రమే చూసేవాళ్లు. సగం బూత్‌లలోనైనా లెక్కించాలని చంద్రబాబు నాయుడు సహా 21 ప్రతిపక్ష పార్టీల నేతలు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2019 ఏప్రిల్‌లో కోర్టు దాన్ని ఐదుకు పెంచింది. అన్నీ లెక్కించాలన్న పిటిషన్లను 2024 ఏప్రిల్ 26న కొట్టేసింది. అయితే అదే తీర్పులో ఒక వెసులుబాటు ఇచ్చింది. రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు కోరితే, ఖర్చు కట్టించుకుని, సెగ్మెంటుకు 5 శాతం ఈవీఎంలలోని చిప్‌లను తయారీ సంస్థ ఇంజినీర్లతో తనిఖీ చేయిస్తారు. ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో అడగాలి. ఐదు బూత్‌లు చాలవనేది నా అభిప్రాయం. మెషీన్ల మీద అనుమానంతో కాదు, ఓడినవాడికి కూడా నమ్మకం కుదరాలి కాబట్టి.

మా బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. ఫారం 20 అని ఉంటుంది. ప్రతి బూత్‌కు ఒక వరస, ప్రతి అభ్యర్థికి ఒక గడి. ఎన్నికయ్యాక రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పెడతారు. టీవీ చర్చలు వినే అరగంటలో మీ పోలింగ్ స్టేషన్ నంబరు చూసి ఆ వరస చదవండి. మీ వీధి ఏం చెప్పిందో కనిపిస్తుంది. ఎవరు ఎవరికి వేశారో మాత్రం ఎక్కడా ఉండదు.

పొద్దున ఆధిక్యంలో ఉన్నవాళ్లు సాయంత్రానికి ఎందుకు ఓడిపోతారు?

మెషీన్లు బూత్ నంబరు వరసలో వస్తాయి. ఒక ప్రాంతం బూత్‌లన్నీ ముందు రౌండ్లలోనే అయిపోవచ్చు. 2019లో విశాఖలో చివరిదాకా టెన్షన్ పెట్టింది ఇదే. మొదటి మూడు రౌండ్లు చూసి స్వీట్లు పంచడం తొందరపాటు.

నోటాకు ఎక్కువ ఓట్లు వస్తే ఎన్నిక రద్దవుతుందా?

లోక్‌సభ ఎన్నికల్లో రద్దు కాదు. నోటా 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. నోటా మొదటి స్థానంలో ఉన్నా, తరవాత ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థే గెలిచినట్టు. 2024లో ఇండోర్‌లో నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి, దేశంలో రికార్డు. అక్కడ గెలిచిన అభ్యర్థి మెజారిటీ 11 లక్షలు దాటింది.

డిపాజిట్ పోవడం అంటే?

లోక్‌సభకు నామినేషన్‌తో 25,000 రూపాయలు కట్టాలి, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులైతే 12,500. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. విశాఖలో 2024లో మొదటి ఇద్దరికి తప్ప మిగతావాళ్లెవరికీ దక్కలేదు.

ఓట్లు సమానంగా వస్తే?

రిటర్నింగ్ ఆఫీసర్ చీటీలు తీస్తారు. చీటీ ఎవరిదైతే వాళ్లకు ఒక ఓటు కలిపినట్టు లెక్క.

అంత దగ్గరగా వస్తుందా అని నవ్వకండి. 1989లో మన పక్కనే అనకాపల్లి లోక్‌సభలో కాంగ్రెస్ అభ్యర్థి కొణతాల రామకృష్ణ 9 ఓట్ల తేడాతో గెలిచారు. తొమ్మిదే. లోక్‌సభ చరిత్రలో అంతకంటే తక్కువ మెజారిటీ ఇంతవరకు లేదు. 2024లో ఆయనే జనసేన తరఫున అనకాపల్లి ఎమ్మెల్యేగా గెలిచారు. మా ఇంట్లో ఎవరైనా "నా ఒక్క ఓటుతో ఏమవుతుంది" అంటే నేను వాదించను. అనకాపల్లి తొమ్మిది అంటాను, అంతే.

దేశం మొత్తం ఫలితంలో ఆంధ్రప్రదేశ్ పాత్ర అంత పెద్దదా?

లోక్‌సభలో 543 సీట్లు, ప్రభుత్వానికి 272 కావాలి. 2019లో సొంతంగా 303 గెలిచిన బీజేపీకి 2024లో 240 వచ్చాయి. కాంగ్రెస్ 52 నుంచి 99కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 25 సీట్లలో తెలుగుదేశానికి 16, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 4, బీజేపీకి 3, జనసేనకు 2.

బీజేపీ, దాని మిత్రపక్షాల కూటమి ఎన్డీయేకు మొత్తం 293. ఇక్కడ ఒక లెక్క తప్పుగా ప్రచారంలో ఉంది. తెలుగుదేశం ఒక్కటే తప్పుకుంటే ప్రభుత్వం పడిపోతుందని చాలామంది అనుకుంటారు. 293లో 16 తీసేస్తే 277, ఇంకా గీత దాటే ఉంది. నితీశ్ కుమార్ జేడీయూకు ఉన్న 12 కూడా పోతే 265. ఇద్దరూ కలిస్తేనే ఆ మాటకు అర్థం. మన బలం నిజమే, కానీ దాని కొలత అంతే.

జూన్ 9న ప్రమాణం చేసిన కేంద్ర మంత్రివర్గంలో శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడుకు పౌర విమానయానం, గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్‌కు గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్ల సహాయ మంత్రి పదవి వచ్చాయి. నరసాపురం ఎంపీ భూపతిరాజు శ్రీనివాస వర్మ భారీ పరిశ్రమలు, ఉక్కు శాఖల సహాయ మంత్రి అయ్యారు. ఉక్కు అనగానే విశాఖలో చెవులు నిక్కబొడుచుకుంటాయి.

స్టీల్ ప్లాంటు ఓటు మీద నిజంగా ప్రభావం చూపిందా?

ఓటరు మనసులో ఏముందో మెషీన్ చెప్పదు. అంకెలు కొంత చెప్తాయి. 2021 జనవరి 27న కేంద్రం ప్లాంటులో వంద శాతం వాటా అమ్మాలని నిర్ణయించింది. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని రోడ్డెక్కి, 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఫ్యాక్టరీ అది. ప్లాంటు ఉన్న గాజువాకలో 2019లో పవన్ కళ్యాణ్ అంతటి మనిషి 16,753 ఓట్ల తేడాతో వైఎస్సార్ కాంగ్రెస్ చేతిలో ఓడిపోయారు. 2024లో అదే గాజువాకలో తెలుగుదేశం అభ్యర్థి పల్లా శ్రీనివాసరావుకు 95,235 మెజారిటీ. రాష్ట్రంలోని 175 సీట్లలో అదే ఎక్కువ.

అమ్మాలని నిర్ణయించింది కేంద్రంలోని బీజేపీ ప్రభుత్వమే, ఆ బీజేపీ ఈ కూటమిలోనే ఉంది. అయినా ఓటు ఇలా పడింది. ఆపలేకపోయారని రాష్ట్ర ప్రభుత్వం మీద కోపం, కొత్తవాళ్లు ఆపుతారన్న ఆశ, రెండూ కలిశాయని నా అంచనా. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ప్యాకేజీ వచ్చింది కాబట్టి అడగడం ఆపొద్దు. మా బడిలో చదివే పిల్లల్లో కాంట్రాక్టు కార్మికుల పిల్లలు ఉన్నారు, వాళ్ల ఇళ్లలో నెలాఖరు ఎలా గడుస్తుందో నాకు తెలుసు.

బయటివాళ్లు విశాఖ నుంచి ఎలా పోటీ చేస్తారు?

పాతికేళ్లు నిండి, దేశంలో ఎక్కడో ఒకచోట ఓటరుగా ఉంటే చాలు. విశాఖ దీన్ని ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. నెల్లూరు జిల్లాకు చెందిన సుబ్బరామిరెడ్డిని, జనార్దనరెడ్డిని గెలిపించింది. అలాగని ఎవరు వచ్చినా గెలిపించలేదు. 2014లో వై.ఎస్. విజయమ్మ వస్తే, కంభంపాటి హరిబాబు చేతిలో 90,488 ఓట్ల తేడాతో ఓడించింది.

విశాఖలో పోలింగ్ శాతం ఎందుకంత తక్కువ?

ఇది రాయడానికి నాకు బాధగా ఉంటుంది. 2024లో రాష్ట్రం మొత్తం పోస్టల్ బ్యాలెట్లతో కలిపి 81.86 శాతం ఓటేసింది. లోక్‌సభ స్థానాల్లో ఒంగోలు 87.06తో ముందుంటే, 71.11తో అందరికంటే చివర నిలిచింది మన విశాఖ. యూనివర్సిటీ, నేవీ, పోర్టు, ఇన్ని కాలేజీలు ఉన్న ఊరు.

సోమరితనం అని ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం. మా బ్లాకులో సగం కుటుంబాలు శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్లు. పోలింగ్ సోమవారం పడింది. శనివారం రాత్రికే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సులు నిండిపోయాయి. వాళ్లు ఊరికెళ్లి అక్కడ ఓటేశారు. కొందరికి ఇక్కడి జాబితాలోనూ పేరుంది, ఇక్కడ వేయలేదు కాబట్టి మన శాతం తగ్గింది. చనిపోయినవాళ్ల పేర్లు, ఇల్లు మారినవాళ్ల పేర్లు కూడా అలాగే ఉండిపోతాయి. జాబితా శుభ్రంగా లేకపోతే శాతం కూడా నిజం చెప్పదు.

జాబితా తప్పు ఎంత నొప్పి పెడుతుందో నాకు తెలుసు. 2018లో అక్కయ్యపాలెం నుంచి మధురవాడ మారాం. విశాఖ ఉత్తరం నుంచి భీమిలికి పేరు మార్చమని దరఖాస్తు పెట్టాను, రసీదు కూడా ఇచ్చారు. 2019లో పోస్టల్ బ్యాలెట్ కోసం చూసుకుంటే పాత జాబితాలో పేరు తీసేశారు, కొత్త జాబితాలో ఎక్కించలేదు. అడిగితే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపించింది. మరుసటి రోజు వేరేవాళ్ల వేళ్లకు సిరా వేయిస్తూ బూత్‌లో కూర్చున్నాను. విశాఖ ఫలితం 4,414 ఓట్లతో తేలిన సంవత్సరం అది.

ఫలితం మీద అభ్యంతరం ఉంటే ఎక్కడికి వెళ్లాలి?

హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజులే గడువు. అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గంలోని ఓటరు కూడా వేయొచ్చు.

ఇల్లు మారాం. ఓటు ఎలా మార్చుకోవాలి?

కొత్త ఓటరైతే ఫారం 6, ఇల్లు మారితే ఫారం 8, చనిపోయినవాళ్ల పేరు తీయించాలంటే ఫారం 7. నా రోజుల్లో నియోజకవర్గం మారితే మళ్లీ ఫారం 6 పెట్టాల్సి వచ్చేది, 2022 నుంచి అన్ని మార్పులకూ ఫారం 8 సరిపోతుంది. 18 నిండేవాళ్లు ఇప్పుడు జనవరి 1 కోసమే ఆగక్కర్లేదు, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు కూడా లెక్కలోకి వస్తాయి. ఎన్నికల సంఘం యాప్‌లో పెట్టొచ్చు, 1950కి ఫోన్ చేయొచ్చు, మీ బీఎల్‌ఓకి, అంటే మీ బూత్ ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారికి, చేతికివ్వొచ్చు.

దరఖాస్తు పెట్టి ఊరుకోకండి. నెల తరవాత జాబితాలో పేరు, ఇంటి నంబరు, బూత్ నంబరు స్వయంగా చూసుకోండి. 2020లో నేను మళ్లీ పెట్టుకున్నప్పుడు మా బీఎల్‌ఓ అంగన్‌వాడీ టీచరమ్మ. పాప నిద్రపోయాక రాత్రి ఎనిమిదింటికి ఇంటికొచ్చి, జాబితా గుమ్మంలో పరిచి, నా పేరు మీద వేలు పెట్టి చూపించి వెళ్లింది.